పప్పు వుడికే నీళ్లు

మా ప్రాంతంలో నీళ్లకు పరీక్ష వొక్కటే. కందిపప్పు వుడికితే అవి మంచినీళ్లు, వుడక్కపోతే కావు. వింజమూరు, ఉదయగిరి మెట్టల్లో యీ పరీక్ష ఎన్ని తరాలనుంచి నడుస్తున్నదో నేను చెప్పలేను గాని, కొత్త బావి నీళ్లు యింటికి వచ్చిననాడు మా అమ్మ చేసే మొదటి పని అదే. గుప్పెడు పప్పు పొయ్యిమీద పెట్టి, అది మెదిగిందాకా కడవను పక్కకు జరిపేది కాదు. పప్పు పలుకుగా వుండిపోతే ఆ నీళ్లు గొడ్లకుండలోకి పోయేవి.

1994 వేసవిలో మా వూరి దళితవాడకు బోరు వేయించినప్పుడు కూడా యీ పరీక్షే జరిగింది. అప్పటికి నేను వుద్యోగంలో చేరి రెండేళ్లు. వాడ ఆడవాళ్లు కిలోమీటరు దూరం వాగులోకి పోయి, చెలమ తవ్వుకుని, గిన్నెతో తోడి బిందెలు నింపుకునేవారు. మేము కొంతమంది వుపాధ్యాయులం, విద్యార్థులం వాళ్లతో కలిసి మూడు దినాలు ఒక ఆఫీసుముందు కూర్చున్నాము. బోరు మంజూరైంది. లారీ వచ్చింది. రాతిపొడి తెల్లగా ఎగిరి వేపచెట్లమీద పడింది. నూటయెనభై అడుగుల దగ్గర నీళ్లు పడ్డవి. మరునాడు పొద్దున ఒక ముసలమ్మ బడిదాకా నడిచి వచ్చి, "అయివారూ, పప్పు దూదిమాదిరి వుడికిండాది" అని చెప్పి పోయింది. ఆ మాట నేను చాలా సభల్లో చెప్పుకున్నాను. ప్రజలు ఐక్యంగా పోరాడితే బండరాయి కూడా నీళ్లు యిస్తుందని నా వుపన్యాసం.

ఆ నీళ్లలో ఏమున్నదో పరీక్ష చేయించాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మాలో యిద్దరు సైన్సు వుపాధ్యాయులున్నారు. వారిలో నేనొకణ్ని.

పన్నెండేళ్ల తర్వాత, 2006లో, ఏడో తరగతిలో ఒక పిల్ల పాఠం చదువుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. చెయ్యి తియ్యమన్నాను. తియ్యలేదు. రెండోసారి గట్టిగా కసిరాను. తీసింది. ముందుపళ్లు సుద్దముక్కలలాగా తెల్లగా వున్నవి, వాటిమీద అడ్డంగా గోధుమరంగు చారలు. పళ్లు తోముకోవడం లేదా అని అడగబోయి ఆగిపోయాను. ఆమె వెనక బెంచీలో కూర్చున్న ఆ వాడ పిల్లలు ముగ్గురు కూడా పెదవులు బిగించుకుని వున్నారు.

చిగురులోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు మొదటి ఎనిమిదేళ్లలో, ఫ్లోరైడు ఎక్కువగా వున్న నీళ్లు తాగితేనే యీ చారలు పడతవి. పన్ను గట్టిపడ్డ తర్వాత తాగితే పడవు. గనుక 1994లో మాతో కూర్చున్న తల్లుల పళ్లు చక్కగానే వున్నవి. బోరు పడిన తర్వాత పుట్టిన పిల్లలమీద ఆ గుర్తు పడింది. పెద్దలకు వచ్చేది మరొక రకం. మెడ తిరగదు, నడుము వంగిపోతుంది, కీళ్లు బిగుసుకుంటవి. అది రావడానికి ఏళ్లు పడుతుంది, వచ్చిన తర్వాత పోదు. నీళ్లు పట్టుకువెళ్లి పరీక్ష చేయించాను. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సహించవచ్చుననీ మన ప్రమాణాలు చెబుతున్నవి. మా బోరు ఆ రెండో హద్దును కూడా ఎప్పుడో దాటిపోయింది.

మరి పప్పు ఎందుకు వుడికింది? నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న యిది. జవాబు తెలిసిన తర్వాత మరింత వేధించింది. పప్పు పలుకుగా వుండిపోయేది నీళ్లలో సున్నపు అంశం, అంటే కాల్షియం, ఎక్కువైనప్పుడు. సోడా అంశం ఎక్కువైన నీళ్లలో పప్పు యిట్టే మెదిగిపోతుంది. వంటసోడా వేసిన పప్పు తొందరగా వుడకడం తెలియని యిల్లాలు లేదు. ఫ్లోరైడును నీళ్లలో పెరగనీయకుండా పట్టివుంచేది కాల్షియమే. రాతిలో చాలాకాలం నిలిచిన నీళ్లు తమ సున్నాన్ని పోగొట్టుకుని సోడా గుణం తెచ్చుకున్నప్పుడు, రాతిలోని ఫ్లోరైడు వాటిలోకి సులభంగా కరిగి వస్తుంది. అందుచేత ఫ్లోరైడు నీళ్లు తరచుగా మెత్తటి నీళ్లు, రుచికి కూడా పేరుపెట్టలేనివి. మా అమ్మ పరీక్ష అబద్ధం కాదు. అది సున్నాన్ని సరిగానే పరీక్షించింది. దాన్ని మేము ఆరోగ్యానికి పరీక్ష అనుకున్నాము.

ప్రజల అనుభవంలో సర్వజ్ఞానమూ వున్నదని నమ్మే మిత్రులు మనలో కొంతమంది వున్నారు. పల్లెటూరివాడికి ఏమీ తెలియదనుకునేవారు అంతకంటె ఎక్కువమంది. యీ ఫ్లోరైడు కథ యిద్దరికీ సమాధానం చెబుతుంది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయనతో పండిట్, రాఘవాచారి కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. దక్షిణ భారతంలోని నెల్లూరు జిల్లాలో ప్రబలివున్న ఫ్లోరోసిస్ దాని విషయం. యీ దేశంలో ఫ్లోరోసిస్ వైద్యశాస్త్రానికెక్కింది మన జిల్లా పేరుతోనే. ఆనాటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు కూడా వుండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు పోయినవి. అయితే డాక్టర్లకంటె ముందు రైతులు కనిపెట్టారని చెబుతారు. దుక్కిటెద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం, వాటిని వేరే వూరి నీళ్లకు తోలితే కొంత తేరుకోవడం వారు గమనించారట. జబ్బును చూసినది రైతు కన్ను. కారణాన్ని చూసినది ప్రయోగశాల. యీ రెండిట్లో ఏది లేకపోయినా మిగిలినది సగమే.

అదే పరిశోధకులలో కొందరు 1940లో మరొక అధ్యయనం ప్రచురించారు. అందులో నీళ్లతోబాటు తిండిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. పోషణ తక్కువైనవారిలో జబ్బు మరింత తీవ్రంగా వుంటుందన్న సంగతి అప్పటికే బయటపడింది. పాలు, పెరుగు, కూరగాయలు తినగల యింటికీ, రాగిసంగటి, పచ్చిమిరపకాయ కారంతో రోజు గడిపే యింటికీ ఒకే బావి వుండవచ్చును, ఒకే జబ్బు వుండదు. శాస్త్రం వర్గాల మాట ఎత్తలేదు. ఎముకలు ఎత్తినవి.

ఎంతో ముందు తెలిసిన సంగతి మా వూరి బోరుదాకా ఎందుకు రాలేదు? కాగితాలు ఇంగ్లీషులో వుండడంవల్ల అని తేల్చేయడం సులభం. భూగర్భశాస్త్రవేత్తలు నెల్లూరు శిలావలయంలోని కింది రాతిపొరల సముదాయానికి వింజమూరు పేరు పెట్టారు. పైపొరల సముదాయానికి ఉదయగిరి పేరు పెట్టారు. దేశంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివేవాడైనా యీ రెండు పేర్లు చదువుతాడు. వింజమూరు బస్టాండులో నిలబడి అడిగితే యీ సంగతి తెలిసినవాడు ఒక్కడు దొరకడు. మా బడిలో ముప్పైయేళ్లు సైన్సు చెప్పిన నాకు కూడా యాభై దాటిన తర్వాత తెలిసింది. మా కాళ్లకింది రాతికి మా వూరి పేరున్నది. ఆ జ్ఞానంలో మాకు వాటా లేదు. భూమి పంపకం గురించి మనం ఎంతో రాశాము. జ్ఞానం పంపకం గురించి రాసింది తక్కువ.

యిక పరిష్కారాల సంగతి. మేము నెలకొకసారి ఒక మిత్రుడి యింట్లో కూర్చుని చదువుకుంటూ వుంటాము. మా బోరు సంగతి అక్కడ పెట్టినప్పుడు జరిగిన వాదన నాకు యింకా గుర్తున్నది. కెమిస్ట్రీ చెప్పే మిత్రుడు నల్లగొండ పద్ధతి అన్నాడు. నాగపూరులోని నీరి సంస్థవారు తయారుచేసిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి తిప్పి, మడ్డిని కిందికి దిగనిచ్చి, పైతేట తీసుకోవడం. చవక, బకెట్టులో కూడా చేసుకోవచ్చును. ఒక వేసవి సెలవుల్లో మేము వాడలో ఇల్లిల్లూ తిరిగి నేర్పాము కూడా. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఫ్లోరైడు ఎంత వున్నది, క్షారగుణం ఎంత వున్నది అన్నదానినిబట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడు పోదు. ఎక్కువైతే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. తెల్లవారుజామున పొగాకు తోటలకు కూలికి పోయి, చీకటిపడ్డాక వచ్చే మనిషి కొలతచెంచా పట్టుకుని రోజూ గంటసేపు యీ పని చెయ్యాలి. మూడు నెలల్లో బకెట్లలో బట్టలు నానబెట్టుకున్నారు. వాళ్లకు చైతన్యం లేదని మా మిత్రుడు విసుక్కున్నాడు. వాళ్లకు లేనిది గంటసేపు తీరిక.

తర్వాత ఒక దాత పుణ్యమా అని శుద్ధియంత్రం వచ్చింది. ప్రారంభోత్సవం రోజున నేనూ చప్పట్లు కొట్టాను. రెండేళ్లకు దాని పొర పూడుకుపోయింది. మార్చడానికయ్యే డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేక తాళం పడింది. తాళం పడిన నెలలోపలే ప్రయివేటు ప్లాంటు లేచింది. యిప్పుడు ఆటోలో యిరవై లీటర్ల క్యాన్లు వస్తున్నవి. యంత్రం ఫ్లోరైడును తీసివేస్తుంది, ఆ మాట నిజమే. తీసిన ఫ్లోరైడు ఎక్కడికి పోతుంది? తోడిన నీళ్లలో పెద్దభాగం వ్యర్థంగా మురుగుకాలవలోకి పోతుంది, మరింత చిక్కని ఫ్లోరైడుతో. కూలి దొరికిన వారం క్యాను, దొరకని వారం బోరు. వాడలో లెక్క యిది. ఫ్లోరైడు పోగొట్టే విద్యను సరుకుగా మార్చారు, సరుకు కొన్నవాడికే శాస్త్రం వర్తిస్తున్నది.

ప్లీడరు మిత్రుడు చట్టం అన్నాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం మంచి చట్టమే. తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని అందులో వున్నది. మా మెట్టల్లో ఆ నియమాన్ని టేపు పట్టి కొలిచినవారిని నేను చూడలేదు. 2004నుంచి వ్యవసాయానికి వుచిత విద్యుత్తు వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. అప్పులపాలైన మెట్టరైతుకు అది ప్రాణం. కాని నిమ్మతోటల బోర్లు ఏటేటా లోతుకు పోయినకొద్దీ, రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లు పైకి రావడం మొదలైంది. రైతుకు మేలు చేసే విధానమూ, పిల్లల పళ్లకు కీడు చేసే విధానమూ ఒకటే అయినప్పుడు ఏ పక్షాన నిలబడాలో మన పాతపుస్తకాల్లో దొరకదు.

అందరికంటె పెద్దాయన, మేము గురువుగా భావించే మనిషి, పెద్ద ప్రాజెక్టు తప్ప దారి లేదన్నాడు. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కృష్ణ నీళ్లు కొండలో సొరంగాలగుండా ప్రకాశం మెట్టలకూ, మా ఉదయగిరి వైపుకూ రావాలని దాని వుద్దేశం. నదినీళ్లు వస్తే ఫ్లోరైడు సమస్య చాలామట్టుకు తీరుతుంది. దానికోసం పోరాడాలి, పోరాడాము కూడా. కాని పెద్దాయన అంతటితో ఆగలేదు. యీ పళ్లు, ఎముకలు, పరీక్షలు ఇవన్నీ చిల్లర సంగతులనీ, వ్యవస్థ మారితే ప్రకృతి సమస్యలు వాటంతట అవే తీరుతవనీ అన్నాడు. అక్కడ నేను ఆయనతో విభేదించాను, జీవితంలో మొదటిసారి.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న యువకుల సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నాగార్జునసాగర్ ఊటవల్ల భూగర్భజలమట్టం పెరిగి, నేలలోని లోహాల పాళ్లు మారి, ఫ్లోరైడు జబ్బు యీ కొత్తరూపం దాల్చివుండవచ్చునని ఆ తర్వాత కృష్ణమాచారి వాదించారు. జొన్న ముఖ్యాహారంగా వున్నవారి వంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందన్న పరిశోధన కూడా ఆ సంస్థనుంచే వచ్చింది. వాదం వాదమే, తీర్పు కాదు. సాగర్ కట్టవద్దనడానికి నేను దీన్ని చెప్పడం లేదు. లక్షలమందికి అన్నం పెట్టిన ఆనకట్ట అది. కాని ఆనకట్ట కట్టిన తర్వాత దానికింది బావుల్లో ఏం జరుగుతున్నదో చూస్తూ వుండడం కూడా ఆనకట్ట కట్టడంలో భాగమేనని అంటాను. యిక వ్యవస్థ మారితే చాలునన్నదానికి ఆరల్ సముద్రంకంటె చేదు వుదాహరణ వున్నదా? 1960నుంచి అమూదర్యా, సిర్‌దర్యా నదుల నీళ్లు పత్తిచేలకు మళ్లిపోయి, సముద్రం ఎండి, వుప్పుదుమ్ము చుట్టుపక్కల వూళ్లమీద పడింది. అక్కడ భూస్వామి లేడు, షాహుకారు లేడు. ప్రణాళిక వున్నది. అడ్డుచెప్పే నోరు లేదు. ఎంగెల్స్ ప్రకృతి గతితర్కంలో యీ ప్రమాదాన్ని గురించే హెచ్చరించాడు. మనవాళ్లు ఆ పుస్తకాన్ని అట్టవేసి భద్రపరిచారు. పెద్దాయన ఆరోజు మాట్లాడకుండా లేచిపోయారు. మరుసటి నెల వచ్చి, "నీళ్ల పరీక్ష పెట్టె ఎంతవుతుందిరా?" అని అడిగారు. డబ్బు ఆయనే యిచ్చారు.

నాకు ఆ సమయంలో దూబగుంట గుర్తుకు వచ్చింది. మాకు దగ్గరి వూరే. 1991లో అక్షరదీపం నెల్లూరు జిల్లా అంతటా వెలిగినప్పుడు రాత్రిబళ్లలో ఆడవాళ్లు చదువుకున్నారు. పాఠాల్లో సారాయి మాట వచ్చింది. 1992లో రోశమ్మా, తోటి ఆడవాళ్లూ సారాయంగళ్లు మూయించారు. 1993 అక్టోబరునుంచి రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. సారాయి చెడ్డదని వాళ్లకు అంతకుముందు తెలియదా? దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లే. తెలిసినదాన్ని పదిమంది కలిసి, పేరుపెట్టి, పుస్తకంలో చూసి చదివినప్పుడు అది మరొక శక్తి అయింది. 2003 తర్వాత ప్రకాశంతోసహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల నీటిమట్టం కొలిచి, వానను కొలిచి, గోడమీద రాసుకుని, ఏ పంటకు ఎంత నీరు చాలునో కూర్చుని లెక్కవేసుకున్న పథకం కూడా యీ కోవలోదే. అది మా జిల్లాకు రాలేదు. వస్తుందని కూర్చోదలచుకోలేదు.

పరీక్ష పెట్టె వచ్చింది. సీసాలో నీళ్లు పోసి రెండుచుక్కల మందు వేస్తే గులాబీరంగు వస్తుంది; ఫ్లోరైడు ఎక్కువైనకొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. ప్రయోగశాల లెక్కంత కచ్చితం కాదు గాని, కంటికి కనబడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు వూళ్లో 17 చోట్ల నీళ్లు పట్టారు, ఏప్రిల్‌లో ఒకసారి, మావైపు వానలు పడే అక్టోబరు, నవంబరు నెలలు దాటాక మరొకసారి. వాడ పంపు రెండుసార్లూ పసుపే. పెద్దరైతుల యిళ్లలో బోర్లు కూడా చాలావరకు పసుపే; వాళ్లు తాగేది క్యాను నీళ్లు గనుక పట్టించుకోలేదు. రెండుసార్లూ గులాబీగా నిలిచింది ఒకే ఒక బావి. చెరువుకట్ట కింద, నిమ్మతోటలో, ముప్పై అడుగుల లోతున్న పాతకాలపు రాతిబావి. చెరువు నిండిన ఏడు కొత్తనీరు దానిలోకి దిగుతుంది, రాతిలో ముదిరే వ్యవధి లేకుండా.

అంటే మా వూరికి పరిష్కారం చెరువులో వున్నది. చెరువు ఎందుకు నిండడం లేదు? వాగునుంచి చెరువుకు వచ్చే కాలువను పిల్లలతో వెంబడించి నడిచాను. సగందూరం పోయిన తర్వాత కాలువ కనబడలేదు. నిమ్మచెట్లు కనబడినవి. అదే తోట.

నలుగురు ఆడవాళ్లు, నేను కలిసి తోట యజమాని దగ్గరికి వెళ్లాము. ఆయన నాకు మేనమామ వరస. మంచం వాల్చి నన్ను కూర్చోమన్నాడు. ఆడవాళ్లు నిలబడే వున్నారు గనుక నేనూ నిలబడ్డాను. సీసాలు రెండూ చూశాడు. తెలివైన మనిషి, వెంటనే గ్రహించాడు.

"నీళ్లకేముందిరా అబ్బయ్యా, పట్టకపొమ్మను. బావిలో చేద వెయ్యొద్దు. పొద్దున మోటారేసినప్పుడు గొట్టంకాడ పట్టుకోమను" అన్నాడు. కొంచెం ఆగి, "కాలవ మాట మాత్రం ఎత్తబాకు" అన్నాడు.

వెనక్కి వస్తూ దారిలో ఎవరూ మాట్లాడలేదు. చెరువుకట్ట ఎక్కిన తర్వాత, 2006లో నేను కసిరిన ఆ పిల్ల తల్లి, "అయివారూ, గొట్టంకాడ నీళ్లు మనకు ధర్మంగా యిస్తాండాడా, కాలవ మనది గాబట్టి యిస్తాండాడా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపల రెండోది, పెద్దావిడ, "ముందర బిడ్డలు తాగనీయే" అన్నది. అక్కడినుంచి వాళ్లిద్దరూ వాదించుకుంటూనే యింటిదాకా వచ్చారు.

కాలువ కొలవాలని అర్జీ యిచ్చాము, అరవైయెనిమిది సంతకాలతో. కొలతకు రావలసిన తేదీ యిప్పటికి మూడుసార్లు మారింది. మామ నాతో మాట్లాడడం మానేశాడు గాని మోటారు మాత్రం వేస్తున్నాడు. తెల్లవారుజామున ఐదుగంటలకు బిందెలు నిమ్మతోట దారి పడుతున్నవి. వాడ పంపుకు పిల్లలు ఎర్రరంగు వేశారు, తాగకూడదని. గిన్నెలకూ బట్టలకూ దాన్నే కొడుతున్నారు. మొన్న సాయంత్రం అటుగా పోతూ చూశాను. ఒకావిడ చిన్నతపేలా నింపుకుని పోతున్నది. దేనికమ్మా అని అడిగాను.

"తాగేదానికి కాదు అయివారూ, పప్పుకు" అన్నది.